కతోలిక ప్రాథమిక పాఠశాల: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల్ని కతోలిక ప్రాథమిక పాఠశాలలో చేర్పించాలనుకునేవాళ్లు, ఇప్పటికే చేర్పించినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. అడ్మిషన్ తేదీలు, ఫీజులు బడికీ బడికీ మారతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. బడి లోపల పిల్లల రోజు ఎలా గడుస్తుంది, ఏం నేర్చుకుంటారు, కష్టం వస్తే ఎవరు పట్టించుకుంటారు అన్నవే ఇక్కడి విషయాలు. ఇలాంటి బడుల్లో పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నా అభిప్రాయాలు కూడా అక్కడక్కడా చెబుతాను.

ఒక స్కూలును కతోలిక పాఠశాల అని ఎప్పుడు అంటారు?

బోర్డు మీద ఒక పునీతుని (సెయింట్) పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలోని 803వ నియమం ప్రకారం శ్రీసభ అధికారులు గానీ, శ్రీసభలో అధికారిక హోదా ఉన్న సంస్థ గానీ నడిపే బడి, లేదా ఆ అధికారులు రాతపూర్వకంగా గుర్తించిన బడి మాత్రమే కతోలిక పాఠశాల. వాళ్ల అనుమతి లేకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. కొన్నింటిని మేత్రాసనం (ఒక పీఠాధిపతి, అంటే బిషప్, కింద ఉండే ప్రాంతం) నడుపుతుంది, కొన్నింటిని సిస్టర్ల సభలు గానీ బ్రదర్ల సభలు గానీ నడుపుతాయి. కొన్ని దేశాల్లో టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది, కొన్నిచోట్ల ఫీజుల మీదే బడి నడవాలి. అనుమానం ఉంటే మేత్రాసన విద్యా కార్యాలయంలో అడగండి, చెబుతారు.

మేం క్రైస్తవులం కాదు. మా పాపను చేర్పించవచ్చా? మతం మారమని ఒత్తిడి ఉంటుందా?

చేర్పించవచ్చు. సీట్లు తక్కువైతే కతోలిక కుటుంబాలకు ముందు అవకాశం ఇచ్చే బడులు ఉన్నాయి, ఆ నియమం ముందే కనుక్కోండి.

ఒత్తిడి సంగతికి వస్తే శ్రీసభ మాటలో సందేహానికి తావు లేదు. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదని రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మత స్వేచ్ఛ మీద వెలువరించిన ప్రకటనలో చెప్పింది. మామూలు పరిస్థితుల్లో తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి అంగీకారం లేకుండా పసిపిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వకూడదు. అది కూడా చట్టంలో రాసి ఉంది. బడిలో జరిగే మత బోధన, విచారణలో (స్థానిక చర్చి సమాజంలో) జరిగే సత్యోపదేశం ఒకటి కావని వాటికన్ విద్యా విభాగం 1988లో వివరించింది. మొదటిది తెలుసుకోవడానికి. రెండోది ఇప్పటికే విశ్వసించేవాళ్లు ఆ విశ్వాసంలో ఎదగడానికి. క్లాసులో మీ పాపకు అందాల్సింది మొదటిదే.

అయినా ఒక మాట ముందే చెప్పాలి. గోడమీద సిలువ ఉంటుంది, అసెంబ్లీలో యేసు పేరు వినిపిస్తుంది, క్రిస్మస్ ముందు పాప ఆ పాటలే ఇంట్లో పాడుతూ తిరుగుతుంది. ఇవన్నీ మీకు ఇబ్బందిగా అనిపించేలా ఉంటే చేర్పించకముందే ఆలోచించుకోవాలి. ఇబ్బంది లేదనుకుంటే, ప్రార్థన సమయంలో పాప మౌనంగా నిలబడితే చాలని టీచర్‌తో మాట్లాడుకోండి. సిలువ గుర్తు వేసుకోమని ఎవరూ పట్టుబట్టకూడదు. మీ ఇంటి ప్రార్థన గురించో మీ పండుగ గురించో పాప క్లాసులో చెప్పినప్పుడు టీచర్ ఎలా వింటారో గమనించండి. ఇతర మతాల్లో ఉన్న సత్యాన్నీ పవిత్రతనూ శ్రీసభ తోసిపుచ్చదని అదే 1965లో, అదే మహాసభ ప్రకటించింది. ఒకటో తరగతి గదిలోనూ ఆ మాట నిలబడాలి.

రోజంతా ప్రార్థనలకే పోతుందా?

పోదు. ఉదయం అసెంబ్లీలో కొద్ది నిమిషాలు, భోజనానికి ముందు ఒకటి రెండు వాక్యాలు, ఇంటికి బయలుదేరే ముందు ఇంకో చిన్న ప్రార్థన. కొన్ని బడుల్లో మధ్యాహ్నం పన్నెండింటికి త్రికాల జపం (మరియమాతను తలుచుకునే చిన్న ప్రార్థన) చెబుతారు. మొత్తం పూజ (మాస్) మాత్రం పండుగలకో, నెలకో వారానికో ఒకసారో ఉంటుంది.

నాకు బాగా నచ్చేది సాయంత్రం చేసే ఆత్మపరిశీలన. పదహారో శతాబ్దంలో పునీత ఇగ్నేషియస్ లొయోలా పెద్దవాళ్లకు నేర్పిన పద్ధతి అది. చిన్నపిల్లలకు తగ్గట్టు రెండు ప్రశ్నలకు కుదిస్తారు: ఇవాళ నీకు సంతోషం కలిగించింది ఏది, ఎవరితోనైనా ఇంకొంచెం బాగా ఉండాల్సింది అనిపించిందా? కళ్లు మూసుకుని ఒక్క నిమిషం. ఎవరూ పైకి చెప్పాల్సిన పని లేదు. ఏడేళ్ల పిల్లలు కూడా దీన్ని చాలా శ్రద్ధగా చేస్తారు.

ఏడాది మీద బడి వాతావరణం మారుతూ ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలంలో నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు, వాటిలో మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీ రంగుది. విభూది బుధవారంతో తపస్సుకాలం (పాస్కాకు ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల కాలం) మొదలవుతుంది. పాస్కా (ఈస్టర్) పండుగ నుంచి పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ) వరకు యాభై రోజుల సంబరం. మే నెల, అక్టోబరు నెల మరియమాతవి. నవంబరులో చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. క్యాలెండర్‌లో తేదీలు చదవడం రాని పిల్లలకు కూడా గురువు (ఫాదర్) వేసుకున్న వస్త్రం రంగు చూసి ఇప్పుడు ఏ కాలమో తెలిసిపోతుంది.

మత బోధన క్లాసులో ఏం చెబుతారు? మార్కులు ఉంటాయా?

చిన్న తరగతుల్లో కథలే: సృష్టి, నోవహు, తప్పిపోయిన గొర్రె, మంచి సమరీయుడు, తప్పిపోయిన కుమారుడు. పై తరగతులకు వచ్చేసరికి దివ్య సంస్కారాలు (జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం లాంటి పవిత్ర కార్యాలు), పునీతుల జీవితాలు, ఏది ఎందుకు మంచిదన్న ఆలోచన వస్తాయి. బట్టీ పట్టించడం ఒకప్పుడు చాలా ఉండేది, ఇప్పుడు మంచి బడుల్లో తగ్గింది. రోమ్‌లో సోఫియా కవల్లెట్టి 1954లో మొదలుపెట్టిన మంచి కాపరి పద్ధతి మరియా మాంటిస్సోరి ఆలోచనల మీద నిలబడింది. పిల్లలు చిన్న చిన్న చెక్క బొమ్మలతో గొర్రెల దొడ్డిని తామే అమర్చుకుంటూ సువార్తను తెలుసుకుంటారు. టీచర్ ఎక్కువగా మాట్లాడరు.

మార్కుల విషయంలో ఒక గీత ఉండాలని నా నమ్మకం. ఏం తెలుసుకున్నారన్నదానికి మార్కులు వేయవచ్చు, ఎంత నమ్ముతున్నారన్నదానికి వేయకూడదు. చనిపోయిన మా కుక్కపిల్ల పరలోకానికి వెళ్లిందా అని పిల్లలు అడుగుతారు. తొందరపడి ఒక జవాబు చేతిలో పెట్టకుండా, నీకు దాని మీద చాలా ప్రేమ కదా, దాని గురించి చెప్పు అని కూర్చోబెట్టి వినే టీచర్ దగ్గర పిల్లలు ఆ తర్వాత కూడా ప్రశ్నలు అడుగుతారు.

ప్రథమ దివ్యసత్ప్రసాదానికి బడే సిద్ధం చేస్తుందా?

ప్రథమ దివ్యసత్ప్రసాదం అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే రొట్టెను బిడ్డ మొదటిసారి తీసుకోవడం. దానికి బడి సాయం చేస్తుంది. బాధ్యత మాత్రం మొదట తల్లిదండ్రులది, తర్వాత విచారణ గురువుది. 914వ నియమం చెప్పేది ఇదే. ఏడేళ్ల ప్రాయానికి మంచీచెడూ తెలుస్తుందని చట్టం భావిస్తుంది కాబట్టి ఈ సిద్ధపాటు రెండో మూడో తరగతిలో పడుతుంది. ఒకప్పుడు పది దాటాక, పన్నెండు పద్నాలుగేళ్ల దాకా కూడా ఆపేవారు. 1910 ఆగస్టు 8న పదవ భక్తినాథ (పయస్) పోపుగారు ఆ వయసును ఏడేళ్ల చుట్టుపక్కలకు తెచ్చారు. చిన్నపిల్లలకు ఇది తెలియదన్న అపోహను తీసేసిన నిర్ణయం అది.

దీనికి ముందు మొదటి పాపసంకీర్తనం (చేసిన తప్పులు గురువు దగ్గర చెప్పుకుని క్షమాపణ పొందడం) ఉంటుంది. పిల్లల్లో నిజమైన టెన్షన్ కనిపించేది ఇక్కడే. గురువు కోప్పడతారేమో, మాటలు మర్చిపోతానేమో అని భయపడతారు. కార్డు చూసి చదవవచ్చని, మర్చిపోతే గురువే అందిస్తారని ముందు రోజే చెప్పండి. చేసిన తప్పులు ఇంట్లో రిహార్సల్ చేయించకండి, అవి పిల్లలకూ దేవునికీ మధ్య ఉండాల్సినవి. కొత్త బట్టల కోసం అప్పు చేయాల్సిన అవసరం అసలే లేదు. ఎవరికీ భారం కాకుండా అందరికీ ఒకేలాంటి సాదా బట్టలు పెట్టే బడులను చూస్తే నాకు గౌరవం.

తరగతిలో సగం మంది దివ్యసత్ప్రసాదం తీసుకుని మిగతావాళ్లు చూస్తూ ఉండిపోకుండా, పాటల్లో, పువ్వులు అలంకరించడంలో, ఆశీర్వాదం కోసం వచ్చే వరసలో వాళ్లకూ చోటు ఇవ్వాలి. టీచర్ ముందే ఆలోచించి పెట్టుకుంటే ఏ బిడ్డా పరాయిగా అనిపించుకోదు.

ఇంత భక్తి మధ్య చదువు వెనకబడదా?

వెనకబడకూడదని శ్రీసభ చట్టమే అంటోంది. 806వ నియమం ప్రకారం కతోలిక బడిలో చదువు ఆ ప్రాంతంలోని మిగతా బడులకు కనీసం సమానంగా ఉండాలి. ఆ బాధ్యత బడి నడిపేవాళ్లది, దాన్ని పర్యవేక్షించాల్సింది పీఠాధిపతి. లెక్కల్లో బలహీనంగా ఉన్నా మంచి పిల్లలు కదా అని సరిపెట్టుకునే బడి తన చట్టాన్నే పాటించడం లేదు.

చరిత్ర చూసినా ఈ బడులు పుట్టింది చదువు అందనివాళ్ల కోసమే. 1597లో పునీత జోసెఫ్ కలసాన్స్ రోమ్‌లో పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పడం మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లోని రేంస్ నగరంలో పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ 1680 ప్రాంతంలో టీచర్లను ఒక సమాజంగా కూర్చి, వాళ్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లలకు చదవడం లాటిన్‌లో కాకుండా వాళ్లు మాట్లాడే ఫ్రెంచిలో నేర్పించారు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెప్పే బదులు తరగతిగా కూర్చోబెట్టి చెప్పే పద్ధతిని విస్తృతంగా వాడుకలోకి తెచ్చినవాళ్లలో ఆయన ముందుంటారు. 1950లో ఆయన్ని ఉపాధ్యాయుల పాలక పునీతునిగా (పేట్రన్ సెయింట్‌గా) ప్రకటించారు. ఆస్ట్రేలియాలోని పెనోలాలో 1866లో మేరీ మెక్‌కిలాప్ మొదలుపెట్టిన బడి కూడా ఫీజు కట్టలేని పిల్లల కోసమే. ఆమెను 2010లో పునీతురాలిగా ప్రకటించారు.

సృష్టి కథ చెబుతారు, సైన్సూ చెబుతారు. పిల్లలు అయోమయంలో పడరా?

పడాల్సిన అవసరం లేదు. ఆరు రోజుల కథను భౌతికశాస్త్ర పాఠంలా చదవమని కతోలిక శ్రీసభ కోరదు. జీవపరిణామం గురించి పరిశోధించడాన్ని, చర్చించడాన్ని 1950లోనే పన్నెండవ భక్తినాథ పోపుగారు అనుమతించారు. అది కేవలం ఊహ మాత్రమే కాదని 1996లో రెండవ జాన్‌పాల్ అన్నారు. బఠానీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన గ్రెగర్ మెండెల్ అగస్టీనియన్ సభకు చెందిన సన్యాసి. విశ్వం విస్తరిస్తోందని 1927లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ బెల్జియంకి చెందిన గురువు. ఈ ఇద్దరి ఫోటోలు సైన్స్ గదిలో పెట్టి కథ చెబితే అయిదో తరగతి పిల్లలకు విషయం అర్థమైపోతుంది.

మా బాబు నెమ్మదిగా నేర్చుకుంటాడు. అతనికి ఇక్కడ చోటు ఉందా?

ఉండాలి. ఇది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకునే విషయం. తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి ఒక్క గొర్రె కోసం వెళ్లిన కాపరి కథ చెప్పే బడి, చదవలేని ఒక్క పిల్లవాణ్ణి వెనక బెంచీలో వదిలేస్తే ఆ కథ చెప్పే అర్హత పోగొట్టుకుంటుంది. ఫలితాల శాతం పడిపోతుందని అలాంటి పిల్లల్ని చేర్చుకోకపోవడం, మెల్లగా బయటికి పంపేయడం కతోలిక బడుల్లో కూడా జరుగుతోంది. అది తప్పు. తల్లిదండ్రులు ఆ మాట నేరుగా అనాలి.

అక్షరాలు తారుమారుగా కనిపించడం, పక్కవాళ్లు పేజీ పూర్తిచేసేసరికి ఒక వాక్యం దగ్గరే ఆగిపోవడం, చదవమంటే కడుపునొప్పి అనడం లాంటివి బద్ధకం కాకపోవచ్చు. డిస్లెక్సియా కావచ్చు. చూపు, వినికిడి ముందు పరీక్ష చేయించండి, కొన్నిసార్లు కారణం అక్కడే ఉంటుంది. ఆ తర్వాత నిపుణుల అంచనా కోసం అడగండి. ఎంత తొందరగా తెలిస్తే సాయం అంత బాగా పనిచేస్తుంది. బడిని మీరు అడగాల్సినవి చిన్నవే: ముందు వరసలో సీటు, చదివి వినిపించే తోడు, రాత పరీక్షకు కొంచెం ఎక్కువ సమయం, నోటితో జవాబు చెప్పే అవకాశం, రెండు నెలలకోసారి మీతో కూర్చుని ఏం మారిందో చూడటం. అడిగినవి కాగితం మీద రాయించుకోండి.

మేధో వైకల్యం ఉన్న బిడ్డకు కూడా దివ్య సంస్కారాల తలుపు మూసి ఉండదు. మామూలు రొట్టెకూ దీనికీ తేడా ఉందని తన పద్ధతిలో తెలిసి, గౌరవంగా తీసుకోగలిగితే చాలు. మీ విచారణ గురువు వెనకాడితే మేత్రాసనంలో మాట్లాడండి.

పిల్లల మనసు బాగోగుల గురించి బడి ఏం చేస్తుంది?

మొదట చేయాల్సింది గమనించడం. సోమవారం వచ్చేసరికి ఒళ్లు బాగాలేదనే పిల్లవాడు, ఆటల సమయంలో గోడ పక్కనే నిలబడిపోయే పాప, ఉన్నట్టుండి చిన్నదానికే ఏడ్చే అబ్బాయి మంచి టీచర్ కంట్లో పడతారు. కొన్ని బడుల్లో ఒక నిశ్శబ్దపు మూల ఉంటుంది. అందులో చాప, కొన్ని పుస్తకాలు, కావాలంటే పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి. అక్కడికి వెళ్లడం శిక్షగా మారకుండా చూసుకోవాలి.

ప్రార్థన నిజంగా పిల్లలకు ఊరటనిస్తుంది. తాత చనిపోయిన నెలలో ఆయన పేరు రాసిన కాగితాన్ని పూజా పీఠం దగ్గర పెట్టి రావడం ఎనిమిదేళ్ల పిల్లకు ఎంత అవసరమో నేను చూశాను. పెద్దవాళ్లు ఆ బాధ గురించి మాట్లాడటానికి జంకే చోట బడి ఒక దారి చూపించింది. అయితే ఆందోళనకూ దిగులుకూ ప్రార్థన ఒక్కటే మందు అనే మాట ఎవరి నోటినుంచి వచ్చినా ఒప్పుకోవద్దు. నిద్ర చెడిపోయి, తిండి తగ్గి, వారాలు గడిచినా మారకపోతే డాక్టర్ దగ్గరికి, కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాలి. టీచర్ కౌన్సెలర్ కాదు, గురువు కూడా మానసిక వైద్యుడు కాదు. ఆ సంగతి తెలిసి సమయానికి సరైన చోటికి పంపడం కూడా వాళ్ల పనిలో భాగమే.

ఇంట్లో చూసుకోవాల్సినవి నిద్ర, ఆట. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. అయిదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హోమ్‌వర్క్ పూర్తి కాలేదని ఆటల పీరియడ్ తీసేసే టీచర్ ఉంటే మర్యాదగానే అభ్యంతరం చెప్పండి.

సిస్టర్లు కొడతారని, భయపెడతారని విన్నాం. నిజమా?

ఒకప్పుడు చాలాచోట్ల బెత్తం ఉండేది. కతోలిక బడులు దానికి మినహాయింపు కాదు. ఇప్పుడు ఎక్కడైనా ఉంటే దానికి సమర్థన లేదు. బడి క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టు ఉండాలని 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం చెబుతుంది. వాటికన్ 1990లోనే ఆ ఒప్పందంలో చేరింది.

శ్రీసభకు తన సొంత దారి ఇంకా ముందే ఉంది. ట్యూరిన్‌లో వీధి పిల్లల మధ్య పనిచేసిన పునీత జాన్ బాస్కో (1815–1888) శిక్ష కంటే ముందుజాగ్రత్తను నమ్మారు. ఆయన పద్ధతికి మూడు ఆధారాలు: వివేకం, మతం, ఆప్యాయత. టీచర్లు పిల్లల ఆటల మధ్యలో ఉండాలని, అలా ఉంటే తప్పు జరగకముందే ఆపవచ్చని ఆయన అనుభవం. పిల్లల్ని ప్రేమిస్తే సరిపోదు, తమను ప్రేమిస్తున్నారని వాళ్లకు తెలియాలి అని 1884లో రోమ్ నుంచి రాసిన ఉత్తరంలో ఆయన నొక్కి చెప్పారు. ప్లేగ్రౌండ్‌లో టీచర్లు ఒక మూల చేరి ఫోన్లు చూసుకుంటున్నారా, పిల్లల మధ్య తిరుగుతున్నారా అన్నది చూస్తే ఆ బడి క్రమశిక్షణ గురించి సగం తెలిసిపోతుంది.

క్షమించమని చెబుతారు కదా. మా పాపను ఎవరైనా ఏడిపిస్తే ఊరుకోమంటారా?

ఊరుకోమనకూడదు. క్షమాపణ గురించి చాలా మాట్లాడే బడిలో పొరపాటు జరిగే చోటు ఇదే. గొడవైన అయిదు నిమిషాలకే ఇద్దరినీ నిలబెట్టి సారీ చెప్పించి, చేతులు కలిపించి పంపేస్తారు. ఏడిపించిన పిల్లకు పని తేలికైపోతుంది, బాధపడ్డ పిల్ల రెండోసారి ఓడిపోతుంది. ముందు ఆపాలి, తర్వాత ఏం జరిగిందో ఇద్దరినీ విడివిడిగా వినాలి, పాడైనదాన్ని సరిచేయించాలి. పాపసంకీర్తనంలో కూడా పశ్చాత్తాపం, ఇక చేయనన్న నిశ్చయం, ప్రాయశ్చిత్తం ఉంటాయి. అవేవీ లేని సారీని క్లాసులో ఎందుకు ఒప్పుకోవాలి? క్షమించడం బాధపడ్డవాళ్లు తమంతట తాము, తమకు వీలైనప్పుడు చేసేది.

పదేపదే ఒకే పిల్లను లక్ష్యంగా చేసుకుంటుంటే తేదీలు, మాటలు రాసిపెట్టుకుని టీచర్‌కు ఇవ్వండి.

పిల్లల భద్రత గురించి భయంగా ఉంది. ఏం అడగాలి?

ఆ భయానికి కారణం ఉంది. ఎన్నో దేశాల్లో గురువులు, మఠవాసులు పిల్లల మీద అఘాయిత్యాలు చేశారు, పై అధికారులు వాటిని కప్పిపెట్టారు. ఈ మాట చెప్పడానికి సంకోచించే బడిని నమ్మవద్దు. 2014లో ఫ్రాన్సిస్ పోపు పిల్లల రక్షణ కోసం ప్రత్యేక సంఘాన్ని వేశారు. 2019లో తెచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి తెలిసిన గురువులు, మఠవాసులు తప్పనిసరిగా పైకి తెలియజేయాలి. 2023లో దాన్ని శాశ్వతం చేశారు. ప్రతి దేశంలోని పౌర చట్టాలు వీటికి అదనంగా వర్తిస్తాయి.

మీరు అడగాల్సినవి: రాతపూర్వక రక్షణ విధానం ఉందా? ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఆ పేరు గోడమీద ఉందా? సిబ్బంది, వాలంటీర్లు, గురువులు, అందరి నేపథ్యం పరిశీలిస్తారా? పెద్దవాళ్లు ఒక్క బిడ్డతో మూసిన గదిలో ఉండకుండా నియమం ఉందా? పాపసంకీర్తనాలు అందరికీ కనిపించే చోట జరుగుతాయా? ఇవి అడిగితే ముఖం చిట్లించే ఆఫీసు ఉంటే, మీకు అప్పుడే జవాబు దొరికినట్టు. బిడ్డకు హాని జరిగిందని అనుమానం వస్తే బడి జరిపే దర్యాప్తు కోసం ఆగకండి, నేరుగా పోలీసులకో పిల్లల రక్షణ అధికారులకో చెప్పండి.

టీచర్లందరూ కతోలికులేనా?

కానక్కర్లేదు. ఒకప్పుడు సిస్టర్లు, బ్రదర్లే పాఠాలు చెప్పేవారు, ఇప్పుడు చాలాచోట్ల ఎక్కువమంది మామూలు కుటుంబ జీవితంలో ఉన్నవాళ్లే. మత బోధన చెప్పేవాళ్లకు, హెడ్‌మాస్టర్‌కు మాత్రం కతోలిక విశ్వాసం ఉండాలని చాలా మేత్రాసనాలు కోరతాయి. మీ పిల్లల లెక్కల టీచర్ ఏ మతమన్నది నా దృష్టిలో ముఖ్యం కాదు, ఆ బడి ఏ విలువల మీద నడుస్తోందో తెలిసి, మనసారా అందులో పాలుపంచుకుంటున్నారా అన్నది ముఖ్యం.

తల్లిదండ్రులు ఎంతవరకు పాల్గొనాలి? మా ఇద్దరికీ ఉద్యోగాలు.

పిల్లలకు మొదటి ఉపాధ్యాయులు తల్లిదండ్రులేనని 1965 అక్టోబరు 28 నాటి క్రైస్తవ విద్యా ప్రకటన చెప్పింది. టీచర్లు తల్లిదండ్రులతో కలిసి పనిచేయాలి, వాళ్ల మాట ఇష్టంగా వినాలి అని 796వ నియమం కోరుతుంది. కాబట్టి ఇది రెండు వైపులా ఉండాల్సిన బాధ్యత. సేల్స్ స్టాల్, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు, పండుగ నాటకానికి దుస్తులు, ఒక శనివారం తోటపని, ఏదో ఒకటి. ఏదీ వీలుకాకపోతే దిగులు పడకండి. రాత్రి పడుకునే ముందు బిడ్డతో పది నిమిషాలు మాట్లాడేవాళ్లు బడికి ఇప్పటికే చాలా చేస్తున్నారు.

పేరెంట్స్ గ్రూపుల్లో ఒక్కటి పాటించండి: టీచర్ గురించి గానీ వేరే పిల్లల గురించి గానీ ఫిర్యాదు గ్రూపులో పెట్టవద్దు.

మేం విడిపోయిన దంపతులం. బిడ్డను తక్కువగా చూస్తారా?

చూడకూడదు, మంచి బడిలో చూడరు. ఉత్తరాలు, మార్కుల కాగితాలు ఇద్దరికీ పంపమని అడగండి. అమ్మానాన్నల గురించి పాఠం వచ్చే వారం టీచర్ మీతో ముందే మాట్లాడితే బిడ్డకు ఇబ్బంది తప్పుతుంది.

తపస్సుకాలంలో పిల్లలతో విరాళాలు ఇప్పిస్తారు. లేనివాళ్ల పరిస్థితి?

ఇచ్చేది ఎవరికీ కనిపించకూడదు. ఎవరెంత తెచ్చారో బోర్డు మీద రాయడం, ఎక్కువ తెచ్చిన తరగతికి బహుమతి ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. పేద విధవరాలి రెండు కాసులను యేసు మెచ్చుకున్న సువార్త చదివి, మర్నాడే పెద్ద మొత్తాలకు చప్పట్లు కొట్టించడం ఎలా కుదురుతుంది? డబ్బు లేకుండా చేయగల పనులు చాలా ఉన్నాయి: ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు ఉత్తరాలు, కొత్తగా చేరిన పిల్లకు వారం పాటు తోడు, బడి చుట్టూ చెట్లకు నీళ్లు. 2015లో ఫ్రాన్సిస్ పోపు సృష్టి సంరక్షణ మీద లేఖ రాసిన తర్వాత తోటలు, నీటి పొదుపు చాలా కతోలిక బడుల్లో పాఠంలో భాగమయ్యాయి. పిల్లలకు ఇవి ఎంతో ఇష్టం.

ఫిర్యాదు ఉంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

క్లాస్ టీచర్, తర్వాత హెడ్, తర్వాత బడి పాలకవర్గం, ఆ పైన మేత్రాసన విద్యా కార్యాలయం లేదా ఆ సభ పెద్దలు. రాసి ఇవ్వండి, తేదీ వేయండి, నకలు ఉంచుకోండి. ఫాదర్‌గారి మీద, సిస్టర్‌గారి మీద ఫిర్యాదు చేయడం పాపమేమో అని కొందరు వెనకాడతారు. పాపం కాదు.

చేర్పించే ముందు బడిని చూడటానికి వెళ్తే ఏం గమనించాలి?

ట్రోఫీల అల్మారా దగ్గర ఎక్కువసేపు ఆగకండి. విరామ సమయంలో వెళ్లండి. ఒంటరిగా ఉన్న పిల్ల దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారేమో చూడండి. ఆఫీసులో సరిగా మాట్లాడలేని తల్లితో, ఫీజు ఆలస్యమైన తండ్రితో ఎలా మాట్లాడుతున్నారో వినండి. ఆయాతో, వాచ్‌మన్‌తో పిల్లలు ఏ గొంతుతో మాట్లాడుతున్నారో వినండి, అది బడి నుంచే నేర్చుకుంటారు. గోడల మీద అందమైన చేతిరాతలే ఉన్నాయా, వంకర టింకర అక్షరాలవి కూడా పెట్టారా? చివరగా హెడ్‌ను ఒక ప్రశ్న అడగండి: చదువులో గానీ ప్రవర్తనలో గానీ చాలా ఇబ్బంది పడిన ఒక పిల్లవాడి గురించి, పేరు చెప్పకుండా, మీరు ఏం చేశారో చెప్పగలరా? ఏమేం చేసి చూశారో, ఏది పనిచేయలేదో, ఆ పిల్లవాడు ఇప్పుడు ఎలా ఉన్నాడో వివరంగా చెప్పగలిగితే అడ్మిషన్ ఫారం తీసుకోండి.